ఇరవై ఏళ్లు కాలేదన్న ఇల్లు

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్లిపోతాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు... నా రెండు చెవులతో నేనే విన్నది. తలుచుకుంటే భయం కన్నా ముందు ఒళ్లు మండుతుంది నాకు.

మాది సిరిసిల్ల. సాంచెల మీద, అదే మరమగ్గాల మీద బతికేవాళ్లం. కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో దొర ఇల్లు అమ్ముతున్నారని తెలిసింది. అన్నలకు, అదే నక్సలైట్లకు భయపడి ఆ దొర ఎప్పుడో పట్నం వెళ్లిపోయాడు. బేరమంతా ఆయన గుమాస్తాదే. నేను అడిగింది ఒక్కటే మాట. ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది? సాంచెలు నడిస్తే గోడలు అదురుతాయి. పాత మట్టిగోడ అయితే కూలుతుంది. ఆ గోడ పక్కనే మరి నా చంటిది పడుకోవాలి.

"ఇరవై ఏండ్లు గూడ కాలే చెల్లె. దొర దగ్గరుండి కట్టిచ్చిండు. సూడు, అంత సిమెంటే," అంటూ గోడను అరచేత్తో చరిచి మరీ చూపించాడు. నమ్మాం. నా మెడలోది కూడా తీసి ఇచ్చి కొన్నాం.

చేరిన వారంలోనే మా ఆయన సాంచెలు తేవడానికి సిరిసిల్ల వెళ్లాడు. ఇంట్లో నేను, మా అత్త, చంటిది. పొద్దుగూకగానే కరెంటు పోయింది. ఆ రోజుల్లో చీకటి పడ్డాక ఎవరు పిలిచినా తలుపు తీసేది లేదు. వచ్చింది అన్నలైనా భయమే, పోలీసులైనా భయమే. గడియ పెట్టి, కందిలి వత్తి తగ్గించి పడుకున్నాం.

కాసేపటికి... దప్.

మళ్లీ... దప్... దప్.

తడిమట్టి ముద్దను గోడకేసి కొట్టినట్టు. ఎలుకలనుకున్నాను. ఎలుకలు అంత నిదానంగా, ఒకే తీరుగా చప్పుడు చేస్తాయా? చప్పుడుకీ చప్పుడుకీ మధ్య... ఊపిరి. ఎవరో బరువు దించి రొప్పుతున్నట్టు.

"అత్తమ్మా... ఇనవడ్తందా?" అన్నాను.

"సప్పుడు చెయ్యకు. ఎవలో బయట తిరుగుతున్నరు," అంది ఆమె గుసగుసగా.

బయట కాదు. గోడకు చెవి ఆనించాను. సిమెంటు చల్లగా తగిలింది. లోపలి నుంచి... చాలా దగ్గరగా... ఒక ఆడగొంతు.

"దూపయితంది..."

దాహమవుతోందని. అంతే. వేడుకున్నట్టు కూడా లేదు. అడిగి అడిగి విసిగిపోయిన గొంతు.

ఆ భయంలోనే ఎక్కడి నుంచి వచ్చిందో కోపం... "ఎవలది? ఏం గావాలె నీకు?" అని గోడను గుద్దాను. ఒక పెద్ద పెచ్చు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. చప్పుడు ఆగింది. ఊపిరి ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు... మళ్లీ.

"దూపయితంది..."

ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. బిందెలోంచి చెంబు నిండా నీళ్లు ముంచి గోడ మొదట్లో పెట్టాను. వెనక్కి వెనక్కి నడిచి వచ్చి, చంటిదాన్ని గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నాను. గుటక... గుటక... కాస్త ఆగి... గుటక. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

తెల్లారి చూస్తే చెంబు ఖాళీ. నేల మాత్రం పొడిగా ఉంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు కింద సున్నం, పొరలు పొరలుగా. సున్నం కింద ఎర్రమట్టి. ఆ మట్టిలో వేళ్ల గుర్తులు... సన్నటి, ఆడమనిషి వేళ్లు.

పక్కింటి ముసలమ్మ పోశవ్వను పిలిచి చూపించాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"గిది నిజాం కాలం నాటి గోడ బిడ్డా. నేనింకా పుట్టనే లేదు గప్పటికి. మా అవ్వోళ్లంత వెట్టికి అచ్చి మట్టి మోసిన్రు. పొద్దందాక మోస్తే కూలి లేదు. నీళ్ల కోసం ఆగితే గూడ తిట్టేటోళ్లట. గీ సిమెంటేమో మొన్న మొన్న పూసిన్రు."

ఒళ్లు కుతకుతలాడిపోయింది నాకు. గుమాస్తాను పిలిపించి ఆ గోడ ముందే నిలబెట్టాను.

"ఇరవై ఏండ్లు కాలే అంటివి గదా. గిదేంది?"

"సిమెంటు కొత్తదే గద చెల్లె," అన్నాడు, కాస్తయినా సిగ్గు లేకుండా. "పాత ఇల్లంటే ఎవలు కొంటరు?"

"నా బిడ్డ మీద గోడ వడితే నువ్వస్తవా మట్టి తియ్యనీకి?"

కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఇల్లు వెనక్కి తీసుకోమని పట్నానికి కబురు పెడితే దొర ఉలకలేదు, పలకలేదు. పెరట్లో రేకులు వేసుకుని సాంచెలు అక్కడే నడిపాం. ఆ గదిలో మళ్లీ ఎవరం పడుకోలేదు.

నిద్రమత్తులో నీళ్లు తానే తాగానేమో అంటుంది మా అత్త. ఇంకోరోజు అడిగితే, తాను తాగలేదంటుంది. దళంలో ఆడపిల్లలూ ఉండేవారు కదా, ఒకతె గోడ అవతల దాక్కుని ఉందేమో అన్నాడు మా ఆయన. గోడ అవతలి మనిషి లోపలున్న చెంబు ఎలా ఖాళీ చేస్తుంది?

ఉండబట్టలేక పోశవ్వనే అడిగాను. "గీ గోడ పెట్టేటప్పుడు ఎవలన్న సచ్చిపోయిన్రా అవ్వా? ఎవలామె?"

"ఎవల పేరని చెప్పాలె బిడ్డా? ఒక్కలా, ఇద్దరా?" అంది పోశవ్వ.

అంతే. ఆ రాత్రి గోడలో ఎవరున్నారో... అసలు ఉన్నారో లేదో... నాకు ఈనాటికీ తెలియదు.