శనివారం ఎత్తిన గడ్డి

హాలండ్‌లో మా ఊరి సంఘానిది ఒక పాత ఆచారం. చర్చిలో అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు ముందు వారం పాస్టరుగారు, సంఘ పెద్దలు చర్చి పక్కగదిలో ఒక సాయంత్రం కూర్చుంటారు. సంఘంలో ఎవరి నడవడి మీదైనా ఫిర్యాదు ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు. ఎవరూ రారు. పెద్దలు కాఫీ తాగి, ఆవుల సంగతులు మాట్లాడుకుని ఇళ్లకు పోతారు. అలాంటి గదిలోకి ఆ సాయంత్రం నీల్చే వచ్చింది. ఆమె ఫిర్యాదు పెద్దల్లో ఒకడైన త్యూనిస్ మీద. అతను ఆమె మొగుడు.

త్యూనిస్ గడ్డికొట్టం కాలిపోయింది. అతని దగ్గర పనిచేసే ఆఫ్రికా నుంచి వచ్చిన ఎరిత్రియా మనిషి ఫిల్మోనే సిగరెట్ పారేసి తగలబెట్టాడని ఊరు ఊరంతా తేల్చేసింది. పోలీసులు పట్టుకుపోయారు. నేరం రుజువైతే దేశంలో ఉండనివ్వరు. పరాయివాడి నెత్తిన నింద రుద్దడం ఎంత తేలికో!

అసలు సంగతి వేరు. ఆ శనివారం ఆకాశం మబ్బేసింది. ఆదివారం మావాళ్లు పని ముట్టరు. అందుకని గడ్డి పచ్చి ఆరకముందే గబగబా కొట్టంలోకి ఎక్కించేశారు. అది లోలోపలే ఉడికి ఉడికి, కొన్నాళ్లకు దానంతటదే అంటుకుంది. అంతకుముందే మాడువాసన మొగుడూ పెళ్లాలిద్దరికీ తగిలింది. ఇద్దరూ నోరు మెదపలేదు.

"ఏంటి నీల్చే, దారి తప్పావా? కాఫీ అయిపోయింది మరి" అని ముసలి పెద్ద ఒకాయన నవ్వాడు.

"కాఫీకి రాలేదండి. ఫిర్యాదుంది. త్యూనిస్ మీద."

నవ్వు ఆగిపోయింది. త్యూనిస్ మొహం కందగడ్డయింది.

"ఇంటికి పో. ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇన్నాళ్లూ ఇంట్లో ఏం మాట్లాడావు? రోజూ రొట్టె ముందు ప్రార్థనకు కళ్లు మూసుకుంటావే, ఒక్కసారైనా ఫిల్మోన్ పేరెత్తావా?"

ఆమె కుర్చీ లాక్కుని పెద్దల ఎదుట కూర్చుంది. జరిగిందంతా చెప్పింది.

"సాక్ష్యం ఏదమ్మా?" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

"నేనేనండి. బండి మీదనుంచి గడ్డి అందించింది నేనే. చేతికి తడి తగిలింది. 'కానీ, కానీ, ఆదివారం వచ్చేస్తోంది' అని తొందరపెట్టిందీ నేనే. నన్నూ బల్లకు రానివ్వకండి. ఫిల్మోన్‌ని జైల్లో కూర్చోబెట్టి నేనిక్కడ కూర్చుంటే ఆ రొట్టె నా గొంతు దిగదు."

"కట్టుకున్నవాడి పరువు బజారుకీడ్చావు కదే!" అని ముసలాయన బల్ల గుద్దాడు.

పరువట, పరువు! అవతల ఒక మనిషి బతుకు బుగ్గవుతుంటే!

నీల్చే ఆయన వైపు చూడనే లేదు. "నీ పరువు తీయాలని రాలేదు త్యూనిస్. నిన్ను తీసుకుపోదామని వచ్చాను" అంది.

త్యూనిస్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"కారు తాళాలు నీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయి."

"పద, పోలీసుల దగ్గరికి. నువ్వే నడుపు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."