గోడవార ఎలీసియో

టమాటా ఫ్యాక్టరీలో పెట్టెలు మోసే ఎలీసియోకి నలభై దాటాక కంప్యూటర్ సైన్స్ పిచ్చి పట్టింది. కమ్యూనిటీ కాలేజీలో సగం చదువు చదివి, మిగతా సగానికి యూనివర్సిటీకి మారాలని ప్లాను. ఆ ప్లానుకి కాలిక్యులస్ అనే లెక్కల కోర్సు ఒక్కటే అడ్డం. దాన్ని వాయిదా వేస్తూ ఈత, గిటారు, కుండలు చేయడం అన్నీ పాసయ్యాడు. "యూనివర్సిటీ వాళ్లకి కుండలు చేసిపెడతావా ఏంటి బాబాయ్?" అని టమాటాలు ఏరే మారిసెలా రోజూ ఏడిపిస్తుంది. ఈసారి కూడా కాలిక్యులస్ వదిలేస్తే ఇక యూనివర్సిటీ మాట మర్చిపొమ్మని కాలేజీలో సలహాలిచ్చే కౌన్సెలరమ్మ తెగేసి చెప్పింది. తీరా చూస్తే సీట్లు నిండిపోయాయి.

అలాంటప్పుడు అందరూ చేసేదే ఎలీసియో కూడా చేశాడు. ఎవరైనా మానేస్తే ఆ సీటు దక్కుతుందని, మొదటిరోజు క్లాసులో, సీటు దొరకని మరికొందరికంటే ముందుగా వెళ్లి గోడవార వరసలో నిలబడ్డాడు. బూట్లు టమాటా కంపు కొడుతున్నాయి. టీచరమ్మ బోర్డు నిండా లెక్క రాసింది. ఎలీసియో కూర్చున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ, "లేచి పొండిరా, మీకు పుణ్యముంటుంది" అని లోలోపల మొక్కాడు. ముందు వరసలో ఒకావిడ నిట్టూర్చి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

"తర్వాత ఎవరు?" అంది టీచరమ్మ.

"నేనేనండీ!"

గెలిచినట్టే వెళ్లి కూర్చున్నాడు. బోర్డు వైపు చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు, చెమటలు పట్టాయి. తల తిప్పితే, గోడవార మిగిలినవాళ్లంతా అతని మొహంలోకే ఆశగా చూస్తున్నారు.

"నేను లేవను," అన్నాడు ఎలీసియో పైకే. "ఇంకో మొహం చూసుకోండి."