నేపాల్ వంతెన

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగిపోతే, నల్లగొండ పోవాల్సిన ఒక నడివయసు ఆవిడా నేనూ ఎల్బీనగర్ దాకా కలిసి నడిచాం. అక్కడ టీకొట్టు టీవీలో, మన దేశం నేపాల్‌లో కట్టించిన వంతెన ప్రారంభోత్సవం చూపిస్తున్నారు. ఆవిడ ఆగిపోయింది.

"మా ఆయన గా వంతెన పనికే పోయిండు సార్. ఏట్ల పడ్డడు. పీనుగు గూడ దొరకలే," అంది.

రెండు దేశాల పెద్దలు రిబ్బన్ కత్తిరించి చేతులు కలిపారు. తర్వాత బడిపిల్లలతో నిండిన బస్సొకటి వంతెన ఎక్కింది. అది అవతలి ఒడ్డు చేరేదాకా ఆవిడ రెప్ప వేయలేదు.

"మంచిగ దాటిన్రు," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పటికీ నేనెక్కిన బస్సు ఏ వంతెన దాటుతున్నా, మాట్లాడుతున్నవాణ్ని కాసేపు ఊరుకుంటాను.