ఆమె పెంచింది హెంప్

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా పక్కింటి ఆంటీ ఈ నెల మొదట్లో గుండెపోటుతో కన్నుమూశారు. సంతాపసభలో ఆమె గురించి మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. యూనివర్సిటీ డిబేట్ టీమ్‌లో ఉన్నాను కనుక మాటకు తడుముకోనని వారి నమ్మకం. అక్కడ చెప్పవలసిన ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆంటీ వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారు. శని, ఆదివారాల్లో ఊరి బయట కౌలుకు తీసుకున్న చేలో, లైసెన్స్‌తో, పూత నుంచి తీసే నూనె కోసం హెంప్ పెంచేవారు. గంజాయికి అది దాయాది. చట్టం ఒప్పుకున్నంత తక్కువ మత్తే ఉందని పరీక్షలో తేలితేనే కోత. ఆ తేడా మనవాళ్ళకు పట్టలేదు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి ఆమె పచ్చడి తెస్తే, "ఇందులో ఏ ఆకు వేశారండీ?" అని నవ్వేవారు.

"గోంగూరే. మత్తు కావాలంటే రెండు ముద్దలు ఎక్కువ తినండి," అనేవారామె.

వేసవి సెలవుల్లో నన్నూ చేనుకు తీసుకెళ్ళేవారు. మొక్క మోకాలెత్తుకు రాగానే నడి చిగురు తుంచేసేవారు. "తల తుంచితే భుజాలు లేస్తాయి" అన్నది ఆమె మాట. చామంతులకు వాళ్ళమ్మ చేసిందీ అదేనట. పక్కకొమ్మలు సాగాక, ఎండకు అవి కాస్త మెత్తబడే వేళ చూసి, పాత చున్నీ పేలికలతో బయటికి వంచి కట్టేవారు. వెలుతురు అన్నిటికీ అందితేనే పూత అన్నిటికీ. నీడన పడిన కింది కొమ్మలు తీసేసేవారు, గాలి ఆడక బూజు పట్టకుండా.

ఈ ఏడాది ఒక మొక్క తల తుంచవద్దని వాదించాను. అందరికన్నా ఎత్తు ఎదిగినందుకు శిక్ష ఏ న్యాయమని అడిగాను.

"శిక్షేంటే లాయరమ్మా? వదిలేస్తే పైన ఒక్క గుత్తి, కిందంతా పుల్లలే. సరే, అది నీది. ఉంచుకో."

సభకు ముందు, కార్యక్రమం ఏర్పాట్లు చూస్తున్న పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా, ఆ మొక్క పేరు మాత్రం ఎత్తకు. పిల్లలుంటారు, వీసా మీదున్నవాళ్ళుంటారు. గార్డెనింగ్ అను, చాలు."

బదులివ్వడానికి వాదనలు నాలుక మీదే ఉన్నాయి. అయినా తల ఊపాను. మైకు ముందు, "ఆంటీకి తోటపని అంటే ప్రాణం" అన్నాను. ముందు వరుసలో అప్పటిదాకా నన్నే చూస్తున్న ఆంటీ భర్త, అంకుల్, ఆ మాటతో చూపు దించుకున్నారు. బాగా మాట్లాడానని చాలామంది మెచ్చుకున్నారు. ఆయన మాత్రం, "ఆ మొక్క పేరు చెప్పడానికి మీ ఆంటీ ఎప్పుడూ సిగ్గుపడలేదమ్మా" అన్నారు.

ఆ సభలో సిగ్గుపడింది నేను. ఇప్పుడు పడుతున్న సిగ్గు వేరు.

మర్నాడు కట్లు వదులు చేయడానికి ఆయనతో చేనుకు వెళ్ళాను. కాడలు లావెక్కుతుంటే పేలికలు బిగుసుకుపోతాయి. ఆమె వంచిన కొమ్మలన్నీ ఒకే ఎత్తున పూతకు వచ్చి నిలబడ్డాయి. వాటి మధ్య నా మొక్క ఒక్కటే పొడుగ్గా, కొన బరువుకు కాస్త ఒరిగి ఉంది. దాని పక్కన, నాకు తెలియకుండా ఆంటీ పాతిన ఊతకర్ర. రెంటినీ కలిపి, వదులుగా, నీలం చున్నీ పేలిక.