సిస్టరుగారు అడిగిన వాటా

మా సిస్టరుగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున నర్సాపురం నుంచి ఫోనొచ్చింది. "నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండి" అన్నారు ఆవిడ మేనకోడలు. విప్పిన లేసు మూటలు విప్పినట్టే వదిలేసి పాలకొల్లులో బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే బాధ. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. అది నేను చెయ్యలేదు.

మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిణ్ణి ఊళ్ళో అందరూ సిస్టరుగారనే పిలిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర, చేతిలో గొడుగు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళ బిందె మీద మూత ఉందో లేదో చూసేవారు. లేకపోతే ఆ ఇంటివాళ్ళకు ఆ పూట మూడినట్టే.

తొంభైల్లో నేను నర్సాపురంలోనే ఉండేదాన్ని. ఒక షావుకారు దగ్గర దారం తెచ్చుకుని ఇంట్లో లేసు అల్లేదాన్ని. మా వీధి ఆడవాళ్ళందరిదీ అదే పని. అల్లేది మేము, అమ్మేది మగవాళ్ళు. నేనే సొంతంగా ఆర్డర్లు తెచ్చుకుంటే బాగుండునని ఒకసారి సిస్టరుగారి దగ్గర ఇంజక్షను చేయించుకుంటూ నోరు జారాను. వారం తిరక్కుండా ఆవిడ, ఇద్దరు టీచరమ్మలు, ఒక పోస్టాఫీసు క్లర్కుగారు, మొత్తం నలుగురు ఆడవాళ్ళు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. తాము దాచుకున్నదాంట్లో తలా కొంత నా పనిలో పెడతామన్నారు.

"వడ్డీ ఎంతండి?" అన్నాను.

"వడ్డీ ఏంటమ్మా? మాది వాటా. లాభమొస్తే పంచు, నష్టమొస్తే మాకూ నష్టమే. అప్పిస్తే నువ్వు మమ్మల్ని చూసి సందు మారతావు. వాటా ఉంటే మా గుమ్మం ఎక్కుతావు" అన్నారు సిస్టరుగారు.

వాటా ఉన్నా నేను సందు మారాను. మొదటి పెద్ద ఆర్డరు బల్లల మీద పరిచే గుడ్డలకి. మా లేసులో పువ్వులు విడివిడిగా అల్లి, తర్వాత ఒకదానికొకటి అతుకుతారు. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. అందుకని ఒక గుడ్డకి కావలసిన పువ్వులన్నీ ఒక్కరి చేతే అల్లించాలి. నాకు తెలియని సంగతేం కాదు. గడువు ముంచుకొస్తోందని ఒక్కో గుడ్డనీ నాలుగిళ్ళకు పంచాను. అతికినప్పుడు బాగానే కనిపించాయి. కొన్నవాళ్ళు ఉతికి ఆరేసేసరికి నడిమధ్య పూరీల్లా పొంగాయట. సరుకంతా తిరిగొచ్చింది.

మూడు వారాలు వాళ్ళ వీధి వైపు వెళ్ళలేదు. మళ్ళీ షావుకారు దగ్గరే దారం తెచ్చుకున్నాను. అప్పుడు ఆవిడే వచ్చారు. ముందు బిందె మూత చూశారు. తర్వాత తిరిగొచ్చిన గుడ్డ ఒకటి ఒళ్ళో పరుచుకున్నారు.

"ఎక్కడ తప్పిందో నీకు తెలిసిందా?"

"తెలిసిందండి."

"మరింకేం. తెలియకపోతే భయపడాలిగానీ."

"మళ్ళీ పోతేనండి?"

"పోతే ఐదుగురం కూర్చుని ఏడుద్దాం. నువ్వొక్కదానివే ఏడవడానికా మేం వాటా పెట్టింది?"

ఆ సాయంత్రమే షావుకారు దారం తిరిగి ఇచ్చేశాను. ఎవరి చేతి పువ్వులు వాళ్ళ మూటలోనే కట్టించడం అప్పుడే మొదలుపెట్టాను. నెమ్మదిగా పని నిలబడింది. పాలకొల్లు మారాక ఇంకా పెరిగింది.

కిందటేడు ఆవిణ్ణి చూడటానికి వెళ్తే, అవతలి లంకలో ఉండే ఒక అమ్మాయి సంగతి చెప్పారు. ల్యాబ్ టెక్నీషియను కోర్సు చదివింది, సొంత ఊళ్ళో రక్తపరీక్షల ల్యాబు పెడతానంటోంది. జ్వరమొస్తే ఆ పరీక్షకి గోదావరి దాటి రావలసిన ఊరు.

"మా నలుగురిలో నేనొక్కదాన్నే మిగిలాను. నా వాటా పెట్టాను, చాలదు. నువ్వూ ఒకటి పెట్టమ్మా."

"నాకు ల్యాబుల గురించి ఏం తెలుసండి?"

"నాకు లేసు తెలుసనుకున్నావా? ఆ సూది ఎలా పట్టుకోవాలో ఈనాటికీ తెలీదు."

నవ్వేశాను. ఈ ఆర్డరు వెళ్ళాక చూద్దామండి అన్నాను. తర్వాత వెళ్ళినప్పుడూ అదే అన్నాను. మూడోసారి ఆవిడ అడగలేదు. డబ్బు లేక కాదు. కష్టపడి నిలబెట్టుకున్నదాంట్లోంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టాలంటే భయం వేసింది. ఆ రోజు మా అరుగు మీద కూర్చున్నప్పుడు సిస్టరుగారికీ ఆ భయం ఉండేదేమో, ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది. గొడుగు గోడకి ఆనించి ఆవిడ ఒక్క పూట ఎదురుగా కూర్చుంటే చాలుననిపిస్తోంది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఆ అమ్మాయే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"మీరొస్తారని సిస్టరుగారు చెప్పారండి. వేరే ఎవర్నీ అడగొద్దన్నారు."

"ఎప్పుడన్నారమ్మా?"

"పోయిన ఆదివారం కూడా అన్నారండి."

ఆ అమ్మాయి వెంటే పంటు ఎక్కి రేవు దాటాను. రోడ్డు పక్కన చిన్న గది. సున్నం వేసి ఉంది. కుళాయి, సింకు, స్విచ్చులు అన్నీ బిగించి ఉన్నాయి. సిస్టరుగారి వాటా అక్కడికి సరిపోయింది. కిటికీ కింద తెల్ల టైల్సు పరిచిన గట్టు ఒకటి ఉంది.

"మైక్రోస్కోపుకండి. ఇక్కడైతే వెలుతురు బాగా పడుతుందని ఆవిడే చోటు చూపించారు" అంది.

రేపే కొందామమ్మా అన్నాను. ఏడాది క్రితం అనాల్సిన మాట. వినాల్సిన మనిషి లేరు. కిటికీలోంచి ఎండ వచ్చి ఆ ఖాళీ గట్టు మీద పడుతోంది.