ముసలమ్మ చుట్టిన తమలపాకు

దయ్యం పట్టిందని మా వాడలో ఎవరైనా నిమ్మకాయలు కోస్తుంటే ముందు నవ్వేది నేనే. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి పొమ్మని పోట్లాడేదాన్ని. లెక్కల టీచర్ని, రుజువు లేనిది ఒప్పుకోను. ఇప్పుడు రాస్తున్నదానికి నా దగ్గర రుజువు లేదు. జరిగింది మాత్రం జరిగింది.

మాది బోధన్. బాపు నా చిన్నప్పుడే పోయాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టి అక్కనూ నన్నూ పెంచింది. బడి నుంచి రాగానే నేనూ బీడీల చాట ముందు కూర్చునేదాన్ని. స్నేహితులంటూ ఎవరూ లేరు. ఆడుకోవడానికి పొద్దు ఉంటే కదా.

తొంభైల చివర్లో, బీఎడ్ అయ్యాక, మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో ఉద్యోగం దొరికింది. అవ్వకు ఇష్టం లేదు. "ఒక్క యాడాదే బిడ్డా. మల్ల ఇంటికి రావాలె" అన్నది. సరేనని మాట ఇచ్చాను.

అక్కడికి పోయాక ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి నాకంటూ ఒక గుంపు దొరికింది. కేరళవాళ్ళు ఇద్దరు, ఒక తమిళమ్మాయి, శ్రీకాకుళం సారు ఒకాయన, అందరం టీచర్లమే. బడి అయిపోతే వాలీబాల్. తర్వాత జెట్టీ మీద కూర్చుని ఒకరి భాషను ఒకరం వెక్కిరించుకోవడం. శ్రీకాకుళం సారు నా 'గట్ల, గిట్ల'లకు పడీ పడీ నవ్వేవాడు. శుక్రవారం సెలవు. అన్నం వండుకొని పడవలో మనుషులు లేని పక్క దీవికి పోయేవాళ్ళం.

అవ్వకు ఉత్తరాలు తగ్గించాను. రెండో ఏడాదికి సంతకం పెట్టి, ఆ మాట ఆమెకు రాయలేదు. రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అనుకుంటూ నెల గడిపాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, అవ్వ గుర్తొస్తే నాకు విసుగొచ్చేది.

నేను అద్దెకున్న ఇంటావిడ బట్టలు కుట్టేది. ఆమె తల్లి, డెబ్బై దాటిన ముసలమ్మ, పగలంతా వాకిట్లో తాళ్ళు అల్లిన కుర్చీలో కూర్చుని తమలపాకులు నమిలేది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. నవ్వుకోవడమే తప్ప మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ శుక్రవారం పడవ రెండున్నరకు. నా రెండో ఏడాది ఖాయమైనందుకే విందు. తమిళమ్మాయి గేటు దగ్గర నిలబడి తొందరపెడుతోంది. నేను వాకిట్లోకి వచ్చేసరికి ముసలమ్మ చేతిలో కూతురి కత్తెర ఉంది. ఒళ్ళో ఒక పళ్ళెం పెట్టుకొని తమలపాకు కత్తిరిస్తోంది.

ఆ దీవిలో ముసలివాళ్ళు కాగితంలో పొగాకు చుట్టుకొని తాగుతారు. కాబట్టి చుట్టడం వింత కాదు. కానీ ఆమె ఆకును మా దగ్గర బీడీ ఆకులాగే పలకగా కత్తిరించింది, వేళ్ళ మధ్య దొర్లించింది, కొనను గోటితో మడిచింది, దారం కొసను పళ్ళతో పట్టి ముడేసింది. చూపుడు వేలు మాత్రం వంచలేదు. మా అవ్వకు ఆ వేలు వంగదు. చెరుకు కొట్టేటప్పుడు కొడవలి తగిలి నరం తెగింది. ఏ పని చేసినా అది పక్కకు నిలబడే ఉంటుంది. ముసలమ్మ వేలికి ఏ దెబ్బా లేదు.

తమిళమ్మాయి ఆ ఆకును చూసి నవ్వింది. నేనూ నవ్వేశాను. కదలబోతే ముసలమ్మ నా చున్నీ కొంగు పట్టుకుంది, గట్టిగా. ముఖం పైకెత్తి నా వైపే చూసింది. గేటు దగ్గరి నుంచి మళ్ళీ పిలుపు. కొంగు గుంజుకొని, గడియారం చూసుకుంటూ పరుగెత్తాను. సరిగ్గా రెండున్నర.

సోమవారం అక్క ఎస్టీడీ బూతు నుంచి మా దీవి ఆఫీసుకు ఫోన్ చేసింది. అవ్వకు పక్షవాతం. కుడివైపు పడిపోయింది.

"శుక్రవారం మూడు గంటలకు చెల్లె. ఇద్దరం ఆకు కత్తిరిస్తున్నం. ఒక్కసారే వాకిలి దిక్కు సూసి చెయ్యి సాపింది. 'ఆగు బిడ్డా' అన్నది. గాడ ఎవ్వరు లేరు. గంతే, చెయ్యి పడిపోయింది."

మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక. బోధన్‌లో మూడంటే దీవిలో రెండున్నర.

ఆ సాయంత్రం ముసలమ్మ చేతికి కత్తెర, ఆకు ఇచ్చి మళ్ళీ చుట్టమని ఇంటావిడతో అడిగించాను. ఆమెకు నేనేం అడుగుతున్నానో అర్థం కాలేదు. కళ్ళు కనబడక అమ్మ కత్తెర పట్టి నాలుగేళ్ళయిందని ఇంటావిడ చెప్పింది. శుక్రవారం ఆ వేళకు ఇంటావిడ ఇంట్లో లేదు.

ఉద్యోగం వదిలేసి నెలలోపే బోధన్ చేరాను. చున్నీ సంగతి అక్కకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే పనా అది?

వచ్చిన వారానికి అవ్వకు జావ తాగిస్తున్నాను. అప్పటికి మాట ముద్దముద్దగా వస్తోంది. ఎడమ చేత్తో నా కొంగు అందుకొని వేళ్ళకు చుట్టుకుంది.

"గా దినం గట్ల గుంజుకొని పోతివేందే?" అన్నది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆమెకు ఎట్లా తెలిసిందో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. జావ గిన్నె కింద పెట్టాను. అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"పడవ పోతదని, అవ్వా" అన్నాను.