చక్రం లేని బండి

మా లుబ్లిన్ వైపు దొబ్రోగోస్ట్ దొర గడప తొక్కిన చుట్టం అంత తేలిగ్గా బయటపడడు. దొరకి నున్నగా గొరిగిన తల మీద పిలక, చెవులదాకా మీసం, యుద్ధంలో తాతారుల బాణం దిగి ఈడ్చే కాలు. కౌగలించుకున్నాడంటే పక్కటెముకలు కలుక్కుమనాల్సిందే. రెండో గ్లాసు తేనెసారా పోస్తూ ఆయన మీసం మెలేస్తే పనివాళ్ళకు అది సైగ. వాళ్ళు వెళ్ళి చుట్టం బండి చక్రాలు ఊడదీసి దాచేస్తారు. "అయ్యో, ఇప్పుడెలా వెళ్తావయ్యా, కూర్చో!" అని ఆయనే నొచ్చుకుంటాడు. పడుచుతనం గుర్రం మీద, ఆ తరవాతదంతా రాజుగారి రాయబారిగా ఇస్తాంబులులో గడిపినవాడికి ఇంటినిండా మనుషులుండాలి మరి.

మొన్న రాజుగారి దూత మళ్ళీ ఇస్తాంబులు వెళ్ళాలని పిలుపు తెచ్చాడు. దొర పట్టు నడికట్టు బిగించి, కత్తి తగిలించుకుని దర్జాగా వాకిట్లోకి వస్తే, తన బండికే చక్రాల్లేవు.

"ఎవడ్రా ఇంత పని చేసింది?"

"నేనే," అంది భార్య తెయోఫిలా, గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ. "పెళ్ళయినప్పట్నుంచీ ఈ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిపోయేది మీరే. బాతు ఇప్పుడే పొయ్యెక్కింది. మర్యాద చెయ్యకుండా ఎలా పంపను?"

"అవతల సుల్తాను ఎదురుచూస్తుంటాడే!"

"చూడనివ్వండి. ఇన్నేళ్ళూ నేను చూడలేదూ?"

వాకిలంతా ఘొల్లున నవ్వింది. సుల్తానునే మాటల్లో ఓడించిన మనిషి పిలక గోక్కున్నాడు.

దూత జాలిపడి, "నా బండి ఉందిగా దొరా, అందులో వెళ్దాం," అన్నాడు.

దొర భార్య వంక చూశాడు. కత్తి విప్పి గోడకు తగిలించాడు. దూతను చెయ్యి పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక గ్లాసు పోశాడు. రెండోది పోస్తూ మీసం మెలేశాడు.